గవర్నర్ సంతకం

జాన్ కానలీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 1963 నవంబర్ 22. డాలస్ వీధిలో కెనడీ మీద తుపాకీ పేలినప్పుడు అదే కారులో, అధ్యక్షుడికి సరిగ్గా ముందు సీట్లో కూర్చున్న టెక్సస్ గవర్నర్ ఆయన. వీపులో దూరిన తూటా పక్కటెముక విరిచింది, కుడి మణికట్టు నుజ్జయింది, ఎడమ తొడకూ గాయమైంది. కోలుకుని మరో ముప్పై ఏళ్ళు బతికాడు. ఆ ముప్పై ఏళ్ళ గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా రాయలేదు. నిక్సన్‌కు ఆర్థికమంత్రిగా పనిచేశాడు. పార్టీ మారాడు. లంచం కేసులో బోనెక్కి నిర్దోషిగా దిగాడు. అధ్యక్ష పదవికి పోటీపడి ఓడాడు. అరవై నాలుగేళ్ళ వయసులో రాజకీయం వదిలి కట్టడాల వ్యాపారంలో దిగి, ఆరేళ్ళకు దివాలా తీశాడు.

ప్రజలిచ్చిన పేరును పెట్టుబడిగా పెట్టి వ్యాపారం చేసుకోవచ్చా? ఆయన జీవితం చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్న నన్ను పట్టుకునే ఉంది. రెండు వైపులా గట్టి మాటలున్నాయి కాబట్టి ఇద్దరి నోట పెడుతున్నాను. మామయ్య హ్యూస్టన్‌లో ఒక బ్యాంకు అప్పుల విభాగంలో పనిచేసి రిటైరైన తెలుగువాడు. మేనకోడలు అక్కడే కాలేజీలో అమెరికా చరిత్ర చెబుతుంది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. కానలీ గురించి వాళ్ళు చెప్పే సంగతులు మాత్రం జరిగినవి.

మేనకోడలు: ఆయన మీద మీకంత గౌరవం దేనికి మామయ్యా? అప్పు 9 కోట్ల 30 లక్షల డాలర్లు. చూపించిన ఆస్తి కోటీ 30 లక్షలు. మిగతా ఎనిమిది కోట్లు ఎవరి నెత్తిన పడ్డట్టు? మన వైపు ఇలా ఐపీ పెట్టినవాడి గురించి ఎవరైనా గొప్పగా చెప్పుకుంటారా?

మామయ్య: అంకెలు సరిగ్గానే చెప్పావు. 1987 జులై 31న ఆస్టిన్‌లో వేశాడు ఆ పిటిషన్. కానీ అమ్మడూ, ఉద్యోగమంతా అప్పుల కాగితాల మధ్య గడిపినవాణ్ణి నేను. నా కళ్ళు ముందు కింద ఉన్న సంతకం మీదికి పోతాయి. కంపెనీ తరఫున పెట్టాడా, సొంత హోదాలో పూచీ పడ్డాడా? కానలీ సొంతంగా పూచీ పడ్డాడు. ఒక్కో కట్టడానికి ఒక్కో కంపెనీ పెట్టి, అది మునిగితే దాన్నక్కడే వదిలేసి తప్పుకున్న బిల్డర్లు ఆ రోజుల్లో హ్యూస్టన్ నిండా ఉన్నారు. ఈయన తప్పుకోలేదు. ఉన్నదంతా తెచ్చి అప్పులవాళ్ళ ముందు పెట్టాడు.

మేనకోడలు: బ్యాంకులు అడిగాయి కాబట్టి పూచీ పడ్డాడు. అవెందుకు అడిగాయి? కట్టబోయే ఇళ్ళ లెక్కలు చూసి డబ్బివ్వలేదు, ఆ పేరు చూసి ఇచ్చాయి. ఆ పేరు ఎలా పెరిగిందో ముందు అది మాట్లాడుకుందాం.

మామయ్య: మాట్లాడుకుందాం. శాన్ ఆంటోనియో దగ్గర ఫ్లోర్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో 1917లో పుట్టాడు. తండ్రి కౌలు రైతు. పిల్లవాడు టెక్సస్ యూనివర్సిటీకి వెళ్ళి, నాటకాలాడి, విద్యార్థి సంఘానికి అధ్యక్షుడై, లా చదివాడు. లిండన్ జాన్సన్ అనే కుర్ర కాంగ్రెస్ సభ్యుడి దగ్గర 1939లో పనికి కుదిరాడు. యుద్ధం వస్తే నేవీలో చేరి, పసిఫిక్‌లో విమానవాహక నౌకల మీద పనిచేసి పతకాలు తెచ్చుకున్నాడు. ఇందులో ఎవరు దానం చేసిన పేరుంది చెప్పు?

మేనకోడలు: ఇంతవరకూ లేదు. 1948 నుంచి మొదలవుతుంది. ఆ ఏడు సెనేట్ టికెట్టు కోసం జరిగిన పార్టీ ఎన్నికలో జాన్సన్ 87 ఓట్లతో గట్టెక్కాడు. ప్రచారం నడిపినవాడు కానలీ. ఆలిస్ అనే ఊళ్ళో 13వ నంబరు పెట్టెలో లెక్కింపు ముగిశాక రెండు వందల ఓట్లు వచ్చి కలిశాయి. అందులో కానలీ చెయ్యి ఉందని నేననను, రుజువు లేదు. కానీ ఆ తర్వాత ఆయన ఎక్కడికెళ్ళాడో చూడండి. ఫోర్ట్‌వర్త్‌లో సిడ్ రిచర్డ్‌సన్ అనే పెద్ద చమురు కామందు దగ్గర లాయరుగా చేరాడు. వాషింగ్టన్‌లో చమురు, సహజవాయువు వ్యాపారుల తరఫున తిరిగాడు. 1961లో కెనడీ నేవీ మంత్రిని చేస్తే ఏడాది తిరక్కుండానే రాజీనామా చేసి గవర్నర్ పదవికి పోటీచేశాడు. రాజకీయంలో తెలిసినవాళ్ళు వ్యాపారానికి, వ్యాపారంలో తెలిసినవాళ్ళు రాజకీయానికి అక్కరకొచ్చారు. మీరు రాజకీయం వదిలి వ్యాపారంలోకి వచ్చాడంటారు. ఆ రెండూ ఆయనకు ఏనాడూ వేరుగా లేవు.

మామయ్య: టెక్సస్‌లో ఎవరికి వేరుగా ఉన్నాయమ్మా? చమురు లేకుండా ఆ రాష్ట్రంలో రాజకీయమే లేదు. మనిషిని చూడాలంటే పదవిలో ఏం చేశాడో చూడు. గవర్నర్‌గా ఉన్న ఆరేళ్ళలో పన్నులు పెంచి మరీ కాలేజీలకు, యూనివర్సిటీలకు డబ్బు పోశాడు. ఉన్నత విద్యకు ఒక సమన్వయ మండలి పెట్టించాడు. పశువులూ చమురు బావులూ తప్ప మరేమీ అక్కర్లేదనుకునే రాష్ట్రానికి చదువు మీద గురి కుదిర్చిన గవర్నర్ ఆయన. నువ్విప్పుడు ఏ రాష్ట్రంలో పాఠం చెప్పుకుంటున్నావో గుర్తుంచుకో.

మేనకోడలు: గుర్తుంది, ఆ పని మంచిదని నా విద్యార్థులకూ చెబుతాను. దాంతోపాటు 1966 కూడా చెబుతాను. రియో గ్రాండే లోయలో స్టార్ కౌంటీ అని ఉంది. కర్బూజా తోటల్లో పనిచేసే మెక్సికన్ మూలాల కూలీలు అక్కడ సమ్మెకు దిగారు. గంటకు డాలరు కూడా దక్కని మనుషులు, డాలరుంపావు అడిగారు. అంతే వాళ్ళ కోరిక. ఎవరూ పట్టించుకోకపోతే జులై 4న, స్వాతంత్ర్య దినం రోజున, ఆస్టిన్‌కు కాలినడకన బయల్దేరారు. టెక్సస్ ఎండలో రెండు నెలలు, నాలుగు వందల మైళ్ళకు పైగా. సెప్టెంబర్‌లో కార్మిక దినానికి రాజధాని చేరుకుని గవర్నర్‌ను కలిసి, కనీస వేతనం కోసం శాసనసభ ప్రత్యేక సమావేశం పెట్టమని అడగాలని వాళ్ళ ఆశ. గవర్నర్ ఆగస్టు చివర్లోనే న్యూ బ్రాన్‌ఫెల్స్ దగ్గర హైవే మీద కారాపించి దిగాడు. చేతులు కలిపాడు. కార్మిక దినాన ఆస్టిన్‌లో ఉండనన్నాడు, ఉన్నా మిమ్మల్ని కలవనన్నాడు, ప్రత్యేక సమావేశం పెట్టనన్నాడు. కారెక్కి వెళ్ళిపోయాడు.

మామయ్య: ముఖం చాటేసి ఉండవచ్చు కదా? దారిలో ఎదురెళ్ళి, కాదని మొహం మీదే చెప్పాడు. అబద్ధపు హామీ ఇవ్వలేదు.

మేనకోడలు: నాలుగు వందల మైళ్ళు నడిచిన మనిషికి రోడ్డు పక్కన నిలబడి కాదని చెప్పడాన్ని నిజాయితీ అని సర్దుకోమంటారా? అప్పుడా కారులో ఇంకెవరున్నారో తెలుసా మీకు? శాసనసభ స్పీకర్ బెన్ బార్న్స్. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, కానలీ చేరదీసి పైకి తెచ్చినవాడు. పదిహేనేళ్ళ తర్వాత కానలీ వ్యాపారం పెట్టినప్పుడు భాగస్వామి ఆయనే. గంటకు డాలరుంపావు కుదరదన్న ఇద్దరు మనుషులకు 1981లో టెక్సస్ బ్యాంకులు కోట్ల డాలర్లు అప్పిచ్చాయి.

మామయ్య: ఆ మాట కాదనలేను. అయినా ఒక మనిషిని ఒక్క మధ్యాహ్నంతో తూచకు. మూడేళ్ళ ముందు డాలస్‌లో ఏం అనుభవించాడో కూడా తక్కెడలో వెయ్యి.

మేనకోడలు: వేస్తాను. ఆ గాయం నిజం, ఆ బాధ నిజం. కానీ 1964లో భారీ మెజారిటీతో మళ్ళీ గెలిచినప్పుడు ఆ తూటా కూడా ఆయన పేరులో కలిసిపోయి ఉంది.

మామయ్య: కలిస్తే అది ఆయన తప్పా? కాల్పించుకున్నాడా? ఒంట్లో తూటా ముక్కలు మోస్తూ బతికినవాడి గురించి ఇలా మాట్లాడకూడదమ్మా.

(ఇక్కడ నేను మామయ్య వైపు. ప్రజల సానుభూతిని కానలీ వెతుక్కుంటూ పోలేదు. తన గాయాల గురించి అడిగితే చెప్పేవాడు. తనకూ కెనడీకీ తగిలింది ఒకే తూటా అన్న, కెనడీ హత్యను విచారించిన వారెన్ కమిషన్ మాటను చివరిదాకా ఒప్పుకోలేదు.)

మేనకోడలు: సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటాను. 1971కి రండి. అప్పటికింకా డెమొక్రాట్‌గానే ఉన్న మనిషి నిక్సన్ ప్రభుత్వంలో ఆర్థికమంత్రి అయ్యాడు. ఆగస్టులో క్యాంప్ డేవిడ్‌లో కూర్చుని, 35 డాలర్లిస్తే ఔన్సు బంగారం ఇస్తామని ప్రపంచ దేశాలకు అమెరికా ఇచ్చిన మాటను తీసేశారు. ఆగస్టు 15న నిక్సన్ టీవీలో ప్రకటించాడు. వెనక ఉండి గట్టిగా తోసినవాడు కానలీ. యూరప్ ఆర్థికమంత్రులు మొత్తుకుంటే, డాలర్ మాదే కానీ దానితో వచ్చే ఇబ్బంది మీదని ముఖం మీదే చెప్పాడు.

మామయ్య: ఆ రోజు ఏ బ్యాంకరును అడిగినా అదే చేయమనేవాడు. అమెరికా దగ్గర బంగారం వెయ్యి కోట్ల డాలర్ల విలువకు పడిపోయింది. విదేశీ ప్రభుత్వాల చేతిలో ఉన్న డాలర్లు దానికి నాలుగు రెట్లు దాటాయి. అందరూ ఒకేసారి వచ్చి బంగారం అడిగితే ఇవ్వడానికి లేదు. ముందే తలుపు మూశాడు. కష్టం ఎవరికి రాలేదు? మన రూపాయి కూడా ఆ ఏడాది డిసెంబర్‌లో మళ్ళీ పౌండు పక్కన చేరాల్సి వచ్చింది. అయినా ఎవరో ఒకరు తీసుకోవలసిన నిర్ణయం అది. తీసుకునే గుండె ఆయనకుంది.

మేనకోడలు: ఆ నిర్ణయం తప్పని నేననడం లేదు. ఆయన నేర్చుకున్న అలవాటు చెబుతున్నాను. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోతే షరతులు మార్చి, ఎదుటివాణ్ణే సర్దుకోమనడం. అమెరికా ఖజానా వెనకుంటే అది చెల్లుతుంది. హ్యూస్టన్ బ్యాంకులో నోటు రాసిచ్చినవాడికి చెల్లదు.

మామయ్య: ఇది బాగా చెప్పావు. ఇంకోటి నేను కలుపుతాను విను. 1971లో ఆయన కింద ఆర్థికశాఖలో పనిచేసి ఆ డాలర్ లెక్కలన్నీ చూసినవాడు పాల్ వోల్కర్. ఆ వోల్కరే 1979లో ఫెడరల్ రిజర్వ్ అధిపతై, ధరలు దించడానికి వడ్డీలు ఆకాశానికి పంపాడు. 1981లో బ్యాంకుల ప్రైమ్ రేటు 20 శాతం దాటింది. కానలీ అప్పు చేయడం మొదలుపెట్టింది ఆ ఏడాదే.

మేనకోడలు: వడ్డీ సంగతి అందరికన్నా బాగా తెలియవలసిన మనిషి.

మామయ్య: తెలుసు. తెలిసీ దిగాడు. ఎందుకు దిగాడో అర్థం కావాలంటే ముందు ఆయన రాజకీయం ఎలా ముగిసిందో చూడాలి. 1973లో రిపబ్లికన్ పార్టీలో చేరాడు. ఆ శరదృతువులోనే ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ రాజీనామా చేస్తే ఆ పదవికి నిక్సన్ మనసులో ఉన్నది ఈయనే. కాంగ్రెస్ ఒప్పుకోదని ఫోర్డ్‌ను పెట్టాడు. ఆ మీద నిక్సన్ దిగిపోయాడు, ఫోర్డ్ అధ్యక్షుడయ్యాడు. అందినట్టే అంది జారిపోయింది. ఆపైన పాల వ్యాపారుల కేసు. పాలకు మద్దతు ధర పెంచమని నిక్సన్‌కు సలహా ఇచ్చినందుకు పాల సంఘం నుంచి పదివేల డాలర్లు పుచ్చుకున్నాడని అభియోగం. సాక్ష్యం చెప్పినవాడు పాత స్నేహితుడు జేక్ జేకబ్సన్. 1975 ఏప్రిల్‌లో జ్యూరీ నిర్దోషి అంది. నల్లజాతి కాంగ్రెస్ సభ్యురాలు బార్బరా జోర్డన్ వచ్చి ఈయన మంచి నడవడి గురించి సాక్ష్యం చెప్పిందంటే ఆలోచించు.

మేనకోడలు: కోర్టు నిర్దోషి అంది కాబట్టి ఆ కేసు గురించి నేను మాట్లాడను. జనం ఏమన్నారో చెబుతాను. 1980లో రిపబ్లికన్ టికెట్టు కోసం దిగినప్పుడు ప్రభుత్వమిచ్చే ఎన్నికల నిధి వద్దన్నాడు. అది తీసుకుంటే ఖర్చుకు పరిమితి ఉంటుంది. పెద్ద కంపెనీల అధిపతులు ఆయన చుట్టూ చేరారు. కోటీ పది లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. దక్కింది ఒక్క డెలిగేటు. ఆర్కన్సాకు చెందిన ఒకావిడ. మార్చిలో సౌత్ కెరొలైనాలో రీగన్ చేతిలో ఓడిపోయి ఇంటికొచ్చేశాడు.

మామయ్య: ఓటరు కాదన్నాడు. అక్కడితో ప్రజలకూ ఆయనకూ లెక్క తీరిపోయింది. ఇక మిగిలిన జీవితం ఆయనది. వ్యాపారం చేసుకునే హక్కు నాకెంత ఉందో ఆయనకూ అంతే ఉంది.

మేనకోడలు: తీరిపోయిందా? అదే ఏడాది వేసవిలో బార్న్స్‌ను వెంటబెట్టుకుని అరబ్ దేశాలు తిరిగొచ్చాడు. అప్పటికి యాభై ఇద్దరు అమెరికన్లు ఇరాన్‌లో బందీలుగా ఉన్నారు. బార్న్స్ 2023లో న్యూయార్క్ టైమ్స్‌తో ఒక మాట చెప్పాడు. ఎన్నికలయ్యేదాకా బందీలను వదలొద్దని, రీగన్ గెలిస్తే మంచి ఒప్పందం దొరుకుతుందని ఇరాన్‌కు చెప్పండని కానలీ ఆ దేశాల నాయకులను అడిగాడట.

మామయ్య: నలభై మూడేళ్ళ తర్వాత ఒక్క మనిషి చెప్పిన మాట అది. వెళ్ళింది నిజం. ఏం మాట్లాడాడన్నదానికి బార్న్స్ నోటిమాట తప్ప ఏముంది? కానలీ లేచొచ్చి జవాబు చెప్పలేడు. దాని పక్కన ఇది కూడా పెట్టు. 1990 డిసెంబర్‌లో, డెబ్బై మూడేళ్ళ వయసులో, ఆస్కార్ వయట్ అనే చమురు వ్యాపారితో కలిసి బాగ్దాద్ వెళ్ళి, సద్దాం హుసేన్‌తో మాట్లాడి, అక్కడ చిక్కుకున్న అమెరికన్లను విమానంలో వెంటబెట్టుకొచ్చాడు. అది అందరూ చూసిన సంగతి.

మేనకోడలు: బార్న్స్ మాట రుజువైందని నేనూ అనను. కానీ ఆ రెండు ప్రయాణాలూ ఏం చెబుతున్నాయి? ఏ పదవీ లేకపోయినా, ఏ దేశాధినేత గుమ్మమైనా ఆయనకు తెరుచుకుంటుంది. కానలీ మామూలు పౌరుడు కాలేదు మామయ్యా, ఎప్పటికీ కాలేడు. కాబట్టే ఆయన వ్యాపారం మామూలు వ్యాపారం కాదంటున్నాను. మిగతాది మీరే చెప్పండి, బ్యాంకులో ఉన్నవారు.

మామయ్య: చెబుతాను. నాకు దగ్గరగా తెలిసింది ఇదే. అప్పట్లో టెక్సస్‌లో నేలకు ధర పెరగడమే తెలుసు. పీపా చమురు ముప్పై డాలర్ల పైన. అది ఎనభై, తొంభై అవుతుందని చదువుకున్నవాళ్ళే చెప్పేవారు. 1981 పన్నుల చట్టం కట్టడాల మీద తరుగుదల త్వరగా రాసుకోనిచ్చింది. డాక్టర్లూ లాయర్లూ పన్ను తప్పించుకోవడానికి అపార్ట్‌మెంట్లలో డబ్బు పెట్టేవారు, వాటిలో ఎవరైనా అద్దెకు దిగుతారా లేదా అన్నది తర్వాతి సంగతి. మరోపక్క సేవింగ్స్ అండ్ లోన్ సంస్థల మీద కట్టుబాట్లు సడలాయి. డిపాజిట్లకు ప్రభుత్వ బీమా ఉంది, డబ్బు వచ్చిపడుతోంది, ఎవరో ఒకరికి అప్పివ్వాలి. అలాంటి సమయంలో మాజీ గవర్నర్ కానలీ, మాజీ లెఫ్టినెంట్ గవర్నర్ బార్న్స్ కలిసి లోపలికొస్తే ఏ మేనేజరు కూర్చుని ఉంటాడు? ఆస్టిన్‌లో అపార్ట్‌మెంట్లు, షాపింగ్ సెంటర్లు, ఆఫీసు భవనాలు. సౌత్ పాడ్రే ద్వీపంలో సముద్రం ఒడ్డున కాండోలు. న్యూ మెక్సికోలో రుయిడోసో గుర్రప్పందాల మైదానం దగ్గర ఇంకొన్ని. రెండేళ్ళలోనే పదికి పైగా పెద్ద పనులు ఒకేసారి నడుస్తున్నాయి.

తర్వాత ఒక్కొక్కటీ తిరగబడింది. సౌత్ పాడ్రే కాండోలు కొనవలసినవాళ్ళు సరిహద్దు అవతలి ధనవంతులు. 1982లో మెక్సికో పెసో విలువ కూలింది, వాళ్ళు రావడం మానేశారు. 1985 చివర్లో ముప్పై దగ్గరున్న చమురు 1986 వేసవికి 12 డాలర్లలోపు పడింది. ఉద్యోగాలు పోయి జనం హ్యూస్టన్ వదిలి వెళ్ళిపోయారు. వెళ్తూ ఇంటి తాళాలు బ్యాంకుకు పంపించేశారు. అదే ఏడాది కొత్త పన్నుల చట్టం ఆ డాక్టర్ల లాభం కూడా తీసేసింది. కట్టిన ఇల్లు ఖాళీ, దాని మీద వడ్డీ మాత్రం రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది. కానలీ ఏం చేశాడు? పాత నోటు తీర్చడానికి కొత్త నోటు రాశాడు. ప్రతి దాని మీదా సంతకం పెట్టాడు. రాజకీయంలో ఓడినవాడికి రెండేళ్ళకు ఇంకో ఎన్నిక వస్తుంది. వ్యాపారంలోనూ అలాగే ఇంకో అవకాశం వస్తుందని నమ్మాడు. అక్కడ మునిగాడు. మోసం చేయాలనుకుని మాత్రం మునగలేదు.

మేనకోడలు: మోసమని నేనూ అనలేదు. ఆ నోట్లు తీసుకున్న బ్యాంకులేమయ్యాయి?

మామయ్య: పోయాయి. టెక్సస్‌లో పెద్ద బ్యాంకులు పదింటిలో తొమ్మిది ఆ దశాబ్దంలో మునగడమో, అయినకాడికి వేరేవాళ్ళ చేతిలోకి పోవడమో జరిగింది. శాన్ ఆంటోనియో కల్లెన్ ఫ్రాస్ట్ ఒక్కటే నిలబడింది. కానలీ ఒక్కడి వల్ల కాదు. అందరం కలిసి ముంచాం.

మేనకోడలు: సేవింగ్స్ సంస్థలు కూలినప్పుడు డిపాజిట్లు కట్టింది ఎవరు? పన్ను కట్టేవాళ్ళు. అంటే ఫ్లోర్స్‌విల్ కౌలు రైతులు, స్టార్ కౌంటీ కూలీలు కూడా. లాభం వస్తే కానలీది అయ్యేది. నష్టం వస్తే ఊరందరిదీ అయింది.

మామయ్య: ఆయన నష్టం ఆయన పడలేదంటావా? 1988 జనవరిలో హ్యూస్టన్‌లో హార్ట్ గ్యాలరీస్‌లో నాలుగు రోజులు వేలం జరిగింది. ఇంటి సామానంతా పెట్టారు. కుర్చీలు, బల్లలు, తివాచీలు, బొమ్మలు, గుర్రపు జీనులు. భార్య నెల్లీ, ఆయన ఇద్దరూ వచ్చి అందరి మధ్యా కూర్చున్నారు. పాడుకున్నవాళ్ళను పలకరించారు. సుమారు 27 లక్షల 50 వేల డాలర్లు వచ్చాయి. దివాలా తీసిన పెద్దమనుషులు ఎక్కడుంటారు చెప్పు? ఇంకో దేశంలోనో, భార్య పేరు మీద రాసిన బంగళాలోనో. ఈయన తన వస్తువులు పరాయివాళ్ళు ఎత్తుకుపోతుంటే ఎదురుగా నిలబడ్డాడు. నేను గౌరవించేది ఆ నాలుగు రోజులను.

మేనకోడలు: ఆ నాలుగు రోజులకు నేనూ తల వంచుతాను. ఆ ఇద్దరూ అక్కడ కూర్చున్న ఫొటోలు చూస్తే నాకూ గుండె బరువెక్కుతుంది. కానీ వేలం అయ్యాక వాళ్ళు ఎక్కడికెళ్ళారు? పికోసా రాంచ్‌కు. ఇల్లు, చుట్టూ 200 ఎకరాలు. టెక్సస్ చట్టం ప్రకారం పల్లెలో కుటుంబానికి అంత భూమి అప్పులవాడు ముట్టుకోకూడదు.

మామయ్య: ఆ చట్టం కానలీ కోసం పుట్టలేదు. అప్పు చేసిన రైతును ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదని 1839లోనే, టెక్సస్ వేరే దేశంగా ఉన్నప్పుడే, ఆ రక్షణ మొదలైంది. మంచి చట్టం. మన దగ్గరా ఉంటే ఎంతమంది రైతులు బతికేవారో.

మేనకోడలు: చట్టం మంచిదే. న్యూ బ్రాన్‌ఫెల్స్ దగ్గర నిలబడ్డ మనుషులకు 200 ఎకరాలు కాదు, 200 గజాలు కూడా లేవు. కాబట్టి ఆ చట్టం వాళ్ళకు ఎందుకూ పనికిరాదు. వాళ్ళకు కావలసిన చట్టం గంటకు డాలరుంపావు. అది చేయించగలిగే కుర్చీలో ఉన్నప్పుడు ఈయన చేయించలేదు. నా కోపం ఇక్కడుంది మామయ్యా, దివాలా దగ్గర కాదు.

మామయ్య: (కొంతసేపు ఆగి) కూలీల విషయంలో నీ మాటకు నా దగ్గర జవాబు లేదు. అప్పుల విషయంలో మాత్రం తప్పు ముందు బ్యాంకులది. అడిగినవాడిది కాదు, ఇచ్చినవాడిది. కాగితం చూడవలసిన చోట ముఖం చూశాం.

మేనకోడలు: అయితే ఒక్కటే అడుగుతాను. అవే కాండోలు, అవే లెక్కలు, అదే వడ్డీ. పేరు లేని ఒక మామూలు మనిషి ఆ ఫైలు పట్టుకుని మీ టేబుల్ దగ్గరికొస్తే అప్పిచ్చేవారా?

మామయ్య: ఇచ్చేవాణ్ణి కాదు.

మేనకోడలు: మరి ఆ తేడా ఎంతో అంత ప్రజలది. ఓటేసి, గవర్నర్‌ను చేసి, గాయపడితే ప్రార్థనలు చేసి, వాళ్ళు ఆయన పేరుకు తెచ్చిన విలువ అది. దాన్ని ఆయన బ్యాంకులో పెట్టాడు.

మామయ్య: పెట్టాడు. దాచిపెట్టి పెట్టలేదన్నదే నేను చెప్పగలిగింది. పదవి దిగిన మరునాడే కంపెనీ బోర్డుల్లో కూర్చుని, ఏ పూచీ పడకుండా జీతం తీసుకుంటున్నవాళ్ళను చూశాక, కానలీ నాకు ఇంకా పెద్ద మనిషిగానే కనిపిస్తాడు.

వాళ్ళిద్దరూ ఇంతకన్నా దగ్గరికి రారు. నా మాట అడిగితే, వేలంలో కూర్చున్న కానలీకి మామయ్యతో పాటు నేనూ నమస్కారం పెడతాను. వ్యాపారం విషయంలో తీర్పు మాత్రం మేనకోడలిదే సరైంది. గవర్నర్ పదవి టెక్సస్ ప్రజలు మూడుసార్లు, రెండేసి ఏళ్ళకు అప్పగించిన బాధ్యత. దాని పరపతి మీద అప్పు చేసే అధికారం వాళ్ళు ఆయనకు ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. కానలీ 1993 జూన్ 15న హ్యూస్టన్‌లో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. అంత్యక్రియలకు నిక్సన్ వచ్చాడు. ఆస్టిన్‌లోని రాష్ట్ర శ్మశానవాటికలో, టెక్సస్ ప్రభుత్వం ఇచ్చిన నేలలో ఆయన్ను ఖననం చేశారు.